పోయింది ఫోను, దొరికింది నేను

2023 మార్చి. కోరుకొండ తీర్థం. ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి లక్ష్మీనరసింహస్వామి కళ్యాణం, రథం. మా ఊళ్ళో పుట్టిన ఆడపిల్ల ఎక్కడ కాపురం చేస్తున్నా ఆ నాలుగు రోజులూ పుట్టింటికి రావాల్సిందే. నేనూ వచ్చాను. రథం కదిలినప్పుడు జరిగిన తోపులాటలో చేతిసంచీ జిప్పు ఊడి నా ఫోను పోయింది.

పోయింది పదిహేను వేల రూపాయల వస్తువే. కానీ అందులో రెండేళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళలో ముసలి ఆడవాళ్ళ చేత పాడించి దాచుకున్న పాటలున్నాయి. సగం రాసిన వ్యాసం వుంది. బ్యాంకు వుంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. అమ్మ వెంటనే "తమ్ముడికి చెప్పవే" అంది. హైదరాబాదులో వున్న మా తమ్ముడికి అమ్మ ఫోను నుంచి చేశాను. ఆ ఫోను కొనిచ్చింది వాడే. గూగుల్ ఖాతా తెరిచింది వాడే. పాస్‌వర్డు పెట్టింది వాడే. మర్చిపోతే కోడు వెళ్ళేది కూడా వాడి నంబరుకే. "కంగారుపడకక్కా, ఐదు నిమిషాల్లో చెప్తా" అన్నాడు. అన్నట్టే చెప్పాడు. ఫోను రథం వీధిలోనే వుంది, కదలడం లేదు. అక్కడ కూర్చునే ఇక్కడ రింగు గట్టిగా మోగేలా చేశాడు. జీళ్ళ దుకాణం బల్ల కింద, గోనెపట్టా మడతలో నా ఫోను మోగింది. దుకాణం ముసలాయనకి దణ్ణం పెట్టి తెచ్చుకున్నాను. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ తమ్ముడి తెలివిని మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న వాడు మళ్ళీ చేశాడు. "అక్కా, కాకినాడలో ఆ వీధికి నాలుగుసార్లు ఎందుకెళ్ళావు?"

అప్పట్లో గూగుల్ మ్యాప్స్‌లో మనం తిరిగిన చోట్లన్నీ తేదీలవారీగా, గంటలతో సహా ఒక పట్టికలా నిలవుండేవి. ఆ ఏర్పాటు ఆన్‌లో వుంటే చాలు, ఖాతా తెరవగలిగినవాళ్ళు ఏ కంప్యూటరులోనైనా దాన్ని చూడొచ్చు. (2024లో ఆ సంస్థ పద్ధతి మార్చి, ఆ చరిత్రని ఎవరి ఫోనులో వాళ్ళకే వుంచడం మొదలుపెట్టింది.) ఫోను వెతకడానికి ఖాతా తెరిచిన తమ్ముడికి ఫోనుతో పాటు నేనూ కనిపించాను. కాకినాడలో ఆ వీధిలో వున్నది ఒక లాయరుగారి ఆఫీసు. నా వివాహబంధంలో వుండాలా, బయటికి రావాలా అని ఆరు నెలలుగా ఆలోచిస్తున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఎవరికి, ఏ రోజున, ఏ మాటల్లో చెప్పాలో నేను నిర్ణయించుకోవాలనుకున్నాను. ఆ అవకాశం నాకు లేకుండా పోయింది. తమ్ముడు అమ్మకి చెప్పాడు. అమ్మ ఏడ్చి మా మేనమామకి చెప్పింది. ఆయన మా ఆయనకి చెప్పాడు. సాయంత్రానికి నా నిర్ణయం మీద మూడిళ్ళల్లో పంచాయితీ నడుస్తోంది. అప్పటికి నేనింకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

మా తమ్ముణ్ణి తిట్టడానికి ఇది రాయడం లేదు. వాడు నా మీద ప్రేమతోనే అడిగాడు, భయంతోనే అమ్మకి చెప్పాడు. నేను పోట్లాడుతున్నది వాడితో కాదు. పోయిన వస్తువుని వెతికే ఏర్పాటూ, ఆడమనిషిని కనిపెట్టి వుండే ఏర్పాటూ ఒకటే కావడంతో. ఆ రెండిటికీ మధ్య గీత గీయమని ఎవరూ అడగకపోవడంతో.

పోయిన ఫోన్ల గురించి మాట వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక త్రాసు చూపిస్తారు. ఒక పళ్ళెంలో భద్రత, ఇంకో పళ్ళెంలో గోప్యత. కాస్త గోప్యత వదులుకుంటే కాస్త భద్రత దొరుకుతుందట. వినడానికి న్యాయమైన బేరంలాగే వుంటుంది. కానీ ఏ బేరంలోనైనా మనం మొదట అడగాల్సింది, ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అని. తన ఫోను తన డబ్బుతో కొని, తన ఖాతా తనే తెరుచుకున్న మగవాడు ఫోను వెతుక్కుంటే, తన జాడ తనకే తెలుస్తుంది. అక్కడ బేరం తనతో తనకే. మన దగ్గర ఎంతమంది ఆడవాళ్ళ ఫోన్లు అలా వున్నాయి? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను వున్న స్త్రీలు దేశంలో 54 శాతం. మన రాష్ట్రం ఆ సగటుకి కూడా అందలేదు. ఆ వున్న వాళ్ళల్లో బిల్లు ఎవరి పేర వుంది, సిమ్ము ఎవరి ఆధార్ మీద వుంది, మెయిలు ఎవరు తెరిచారు, పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసు? మీ తరగతి గదిలో ఆడపిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. నేను అడిగాను. "నాన్న", "అన్నయ్య", "మా ఆయన", "షాపు అబ్బాయి". నేనే అని చేతులెత్తినవాళ్ళు తక్కువ. ఫోను చేతిలో వున్నది ఆడదానికి, తాళంచెవి వున్నది ఇంకొకరి దగ్గర. ఆమె ఫోను వెతికితే దొరికేది ఆ తాళంచెవి వున్న మనిషికి.

ఇక ప్రభుత్వం పెట్టిన ఏర్పాటు సంగతి. నా ఫోను పోయిన రెండు నెలలకి, 2023 మే 16న, కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ అనే పోర్టల్‌ని దేశమంతటికీ తెరిచింది. ప్రతి ఫోనుకీ ఐఎంఈఐ అని పదిహేను అంకెల నంబరు వుంటుంది. ఫోను పోయిందని పోలీసులకి ఫిర్యాదు చేసి, ఆ కాగితం, గుర్తింపు కార్డు, ఐఎంఈఐ నంబరు ఇస్తే, ఆ ఫోను దేశంలో ఏ కంపెనీ నెట్‌వర్కు మీదా పనిచేయకుండా ఒక రోజులో ఆపేస్తారు. ఫోను కొన్న బిల్లు జతచేయడానికీ అక్కడ చోటుంది. ఎవరైనా అందులో సిమ్ము వేస్తే ఆ సమాచారం పోలీసులకి చేరుతుంది. దొరికాక ఆపివేత ఎత్తేయమని అడగొచ్చు.

ఇది అక్కర్లేదని నేననను. కూరలమ్ముకునే ఆమెకి ఫోనే గల్లాపెట్టె. డ్వాక్రా సంఘంలో అప్పు కిస్తీ కబురు ఫోనులోనే. అన్నిటికంటే ఘోరం, పోయిన ఫోనులో తన ఫోటోలు ఎవరి కంట పడతాయో అని ఆడవాళ్ళు పడే భయం. దొంగ చేతిలో ఫోను పనిచేయకుండా పోతుందంటే అది మనకి మేలే. నేను అడిగేది ఒక్కటి. ఫోను ఎవరిది అన్న ప్రశ్నకి ఈ ఏర్పాటు ఏం జవాబు చెబుతోంది?

మా అమ్మకి జాకెట్లు కుట్టే ఆమె సంగతి చెప్తాను. మొగుడి దెబ్బలు పడలేక ఇద్దరు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. వస్తూ ఫోను తెచ్చుకుంది. సిమ్ము ఆమె ఆధార్ మీదే వుంది. ఫోను బిల్లు మాత్రం అతని పేర వుంది. మూడోనాటికి ఆమె ఫోనుకి సిగ్నల్ పోయింది. "ఏ సిమ్ము వేసినా రావట్లేదక్కా, ఫోను చచ్చిపోయింది" అని నా దగ్గరికి వచ్చింది. రిపేరు కుర్రాడు చూసి, ఫోను బాగానే వుంది, దొంగ ఫోనని ఆపేశారు అన్నాడు. మొగుడు ఫోను పోయిందని ఫిర్యాదు రాసిచ్చాడు. పోయింది ఫోను కాదు, పెళ్ళాం. ఆ ఫోను లేకపోవడంతో ఆమెకి బ్లౌజుల ఆర్డర్లు పోయాయి, పిల్లల బడి కబుర్లు పోయాయి, అతను కొట్టినప్పుడు తీసి పెట్టుకున్న ఫోటోలు వున్నది కూడా అందులోనే. స్టేషనుకి వెళితే ఆమెకి దొరికిన జవాబు: "బిల్లు ఎవరి పేరు మీద వుంటే ఫోను వాళ్ళదేనమ్మా." చట్టం మాట కూడా కాదది, అలవాటు మాట. పొలం ఎవరి పేర వుంటే వాళ్ళది, ఇల్లు ఎవరి పేర వుంటే వాళ్ళది అన్న పాత మాటకి కొత్త అతుకు. ఆ పొలంలో నాట్లు వేసినదీ, ఆ ఇంట్లో వండి వార్చినదీ ఏ కాగితంలోనూ వుండనట్టే, ఆ ఫోనుని నాలుగేళ్ళు బతుకుతెరువుగా వాడుకున్నదీ ఏ కాగితంలోనూ లేదు.

ప్రభుత్వం గొప్పగా చెప్పుకునే లెక్కల్నే తీసుకుందాం. 2025 డిసెంబరు మొదట్లో చెప్పిన ప్రకారం, అప్పటిదాకా ఆపేసిన ఫోన్లు 42 లక్షల పైచిలుకు. జాడ తెలిసినవి 26 లక్షల పైచిలుకు. తిరిగి మనుషుల చేతికి చేరినవి 7 లక్షల పైచిలుకు. ఏడు లక్షల మంది సంతోషించారు, మంచిదే. మరి జాడ తెలిసీ చేతికి రాని ఆ పంతొమ్మిది లక్షల సంగతేమిటి? వాటిలో దొంగలవెన్ని, సంతలో తెలియక సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్న పేదవాళ్ళవెన్ని, ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్ళవెన్ని అని ఎవరైనా లెక్క కట్టారా? జాడ తెలియడం అంటే ఒక మనిషి ఎక్కడుందో, ఏ పేరుతో సిమ్ము తీసుకుందో తెలియడం. ఫోను తిరిగి రావడం అన్నది వేరే. మొదటిది సాధించడంలో ఈ ఏర్పాటు రెండోదాని కంటే మూడు రెట్లకి పైగా సమర్థంగా వుంది. దాని పేరు మాత్రం రెండోదాని మీద వుంది.

ఇంతటితో ఆగలేదు. 2025 నవంబరు 28న టెలికాం శాఖ ఫోన్ల కంపెనీలకి ఒక ఆదేశం పంపింది. తొంభై రోజుల్లోగా దేశంలో అమ్మే ప్రతి కొత్త ఫోనులోనూ సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలి, దాని పనుల్ని ఆపేయడానికి గానీ తగ్గించడానికి గానీ వీలుండకూడదు అని. గొడవ లేచింది. డిసెంబరు 2న మంత్రిగారు, ఇష్టం లేకపోతే తీసేసుకోవచ్చు అన్నారు. డిసెంబరు 3న ఆ తప్పనిసరి నిబంధననే వెనక్కి తీసుకున్నారు. ఐదు రోజుల్లో ముగిసిపోయిన కథ అని మనవాళ్ళు మర్చిపోయారు. నేను మర్చిపోలేకపోతున్నాను. ఆ ఐదు రోజుల్లో మాట్లాడినవాళ్ళంతా ప్రభుత్వం మన ఫోనుల్లోకి తొంగిచూస్తుందనే మాట్లాడారు. అది నిజమైన భయమే. ఫోను ట్యాపింగ్ ఆరోపణల మీద 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట స్టేషనులో నమోదైన కేసు మన కళ్ళముందే వుంది. కానీ అప్పటికే అన్న, మొగుడు, మామ తొంగిచూస్తున్న ఫోనుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. రాజ్యం తొంగిచూస్తే అది ప్రజాస్వామ్యానికి ముప్పు. మొగుడు తొంగిచూస్తే అది సంసారం!

మనకి ఇంకో ఉచ్చు వుంది. దాని పేరు రక్షణ. 2020 ఫిబ్రవరి 8న రాష్ట్రంలో మొట్టమొదటి దిశ పోలీస్ స్టేషను తెరిచింది మా రాజమండ్రిలోనే. దిశ యాప్ వచ్చాక కాలేజీలకీ బస్టాండ్లకీ వచ్చి ఆడపిల్లల ఫోనుల్లో దాన్ని వేయించారు. ఆపదలో నొక్కితే మనమెక్కడున్నామో పోలీసులకి తెలుస్తుంది. ఆపదలో పడ్డ పిల్లకి అది వుపయోగపడితే నాకంటే సంతోషించేవాళ్ళుండరు. కానీ అది రాను రాను ఎన్ని ఫోనుల్లో వేయించామన్న లెక్కగా మారింది. 2023 నవంబరులో అనకాపల్లి జిల్లా పరవాడలో, ఆ యాప్ వేసుకుని కోడు చెప్పమన్న కానిస్టేబుళ్ళని గుర్తింపు కార్డు చూపించమన్నందుకు, సెలవు మీద వచ్చిన ఒక సైనికుడు వాళ్ళ చేత దెబ్బలు తిన్నాడు. ఆడవాళ్ళ రక్షణ యాప్ వేయించడానికి మగవాణ్ణి కొట్టారు. ప్రభుత్వం మారింది, 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. పేర్లు మారుతున్నాయి గానీ ఆలోచన మారడం లేదు. ఆడది ఎక్కడుందో తెలిస్తే ఆడది క్షేమం అన్నదే ఆ ఆలోచన. ఎవరికి తెలిస్తే క్షేమం? ఇంట్లో దెబ్బలు తినే మనిషి ఎక్కడుందో ఆ ఇంటివాళ్ళకి ఎప్పుడూ తెలుసు. తెలిసిన చోటే ఆమెకి దెబ్బలు పడుతున్నాయి. ఎవరికీ తెలియని చోటు ఒకటి దొరికితేనే ఆమె క్షేమం.

ఇది కొత్త సంగతేం కాదు. మా రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్ళికూతుర్ని ముందుగా గుట్టుగా రప్పించుకుని పెళ్ళి చేశారు. పిల్ల ఫలానా చోట వుందని వద్దన్నవాళ్ళకి ముందే తెలిస్తే ఆ పెళ్ళి జరిగేదా? ఆయన మగవాడిగా, పెద్దమనిషిగా చేశారు, ఆయన సంస్కరణకి మనం చెప్పుకునే పరిమితులన్నీ వున్నాయి. అయినా ఆ సంస్కరణ మొత్తం ఒక ఆడపిల్ల జాడ కొన్నాళ్ళు దాచగలగడం మీద నిలబడింది. ఇవాళైతే ఆ పిల్ల చేతిలో మేనమామ కొనిచ్చిన ఫోనుండేది.

ఈ దేశంలో భార్య జాడ గురించి, భార్య ఏకాంతం గురించి ముందుగా మాట్లాడిన న్యాయస్థానాల్లో మన హైకోర్టు ఒకటి. 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, కాపురానికి రమ్మని భార్యని కోర్టు ద్వారా రప్పించుకునే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షను రాజ్యాంగ విరుద్ధమన్నారు. తన శరీరం మీద, తన ఏకాంతం మీద ఆ స్త్రీకున్న హక్కుని ఆ సెక్షను కాలరాస్తుందన్నారు. మరుసటి ఏడాదే, 1984లో, సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని తోసేసింది. ఆ సెక్షను ఇవాళ్టికీ చట్టంలో వుంది. 2008లో లా రిపోర్టులకెక్కిన ఇంకో తీర్పులో మన హైకోర్టే, భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోనులో మాట్లాడిన మాటల్ని ఆమెకి తెలియకుండా రికార్డు చేసిన భర్తని తప్పుపట్టింది. పెళ్ళయినంత మాత్రాన ఆమె ఏకాంతం అతని సొత్తు కాదంది. 2025 జులై 14న సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భార్యాభర్తల తగాదాలో ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన సంభాషణలు సాక్ష్యంగా చెల్లుతాయంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చారంటే ఆ సంసారం అప్పటికే బీటలువారినట్టేనని కోర్టు అభిప్రాయం. దెబ్బలు తినే భార్యకి కూడా ఆ రికార్డింగే సాక్ష్యం కావచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో ఎవరి ఫోను ఎవరి చేతికి సులువుగా అందుతుందో తెలిసిన వాళ్ళెవరూ ఈ తీర్పు ఇద్దరికీ సమానమనుకోరు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత మన ప్రాథమిక హక్కని చెప్పింది. దాని వెనకాల 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ఆ చట్టంలో రెండు మినహాయింపుల్ని పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి, కేంద్రం కావాలనుకుంటే తన సంస్థల్ని చట్టం పరిధి నుంచి తప్పించుకోవచ్చు. రెండు, ఒక వ్యక్తి సొంత అవసరానికో, ఇంటి అవసరానికో డేటాని వాడుకుంటే ఈ చట్టం అసలు వర్తించదు. మొదటిదాని మీద కావలసినంత చర్చ జరిగింది. రెండోదాని మీద నాకు కనిపించిన చర్చ లేదు. 'ఇంటి అవసరం' అట! ఆడదాని మీద నిఘాకి ఇంతకంటే మర్యాదైన పేరు ఇంకేముంది? సర్కారు మన డేటా చూసినా అడ్డులేదు, సంసారం చూసినా అడ్డులేదు. ఇక ఈ చట్టం మనల్ని ఎవరినుంచి కాపాడుతున్నట్టు? బట్టల కొట్టువాడి నుంచా? భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను, ఆడవాళ్ళు ఇంటర్నెట్టూ మెయిలూ వాడుకోవడం మీద నిఘా పెట్టే మగవాణ్ణి శిక్షార్హుడంటుంది. భర్తకి మినహాయింపని అందులో ఎక్కడా రాసిలేదు. మొగుడు నా ఫోను చూస్తున్నాడని ఆ సెక్షను కింద ఫిర్యాదు రాసుకుని ఏ స్టేషనుకైనా వెళ్ళి చూడండి, ఏమంటారో.

ఇక్కడ మన స్త్రీవాదులే నన్ను ఒక మాట అడుగుతారని తెలుసు. ఇంటి గోప్యత అనే తెర వెనకే కదా ఇన్నాళ్ళూ హింస దాగింది, ఆ తెర చింపడానికే కదా వ్యక్తిగతమంతా రాజకీయమే అన్నాం, ఇప్పుడు మనమే గోప్యత కావాలంటే ఎలా? న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. మనం చింపింది ఇంటి చుట్టూ వున్న తెరని. ఇప్పుడడుగుతున్నది ఇంటి లోపలి మనిషికి ఒక తలుపు. ఈ రెండూ ఒకటి కావు. ఇల్లు అనే వ్యవస్థకి గోప్యత ఇస్తే అది కర్తకి చెందుతుంది. మనిషికి ఇస్తేనే అది మనకి చెందుతుంది. 2017 తీర్పు కూడా గోప్యతని పితృస్వామ్యానికి ముసుగు కానివ్వకూడదనే చెప్పింది. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన గది మనలో చాలామందికి ఇవాళ్టికీ దొరకలేదు. కొందరికి ఆ గది ఫోను రూపంలో దొరికింది. అర్ధరాత్రి వంటింట్లో కూర్చుని ఫోనులో కవిత రాసే వాళ్ళు మనలో ఎంతమంది లేరు? ఆ గది గోడలు గాజువి, తాళం ఇంకొకరిది అన్నదే నా దిగులు.

"దాచుకోడానికి ఏముందమ్మా? తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకు?" ఈ మాట పోలీసులంటారు, అత్తగార్లంటారు, మన కొలీగ్సూ అంటారు. నేను చేసింది తప్పు కాదు. లాయర్ని కలవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. అయినా అది నా నోటినుంచి రాకముందే నలుగురి నోళ్ళలో పడ్డాక, నేను తీసుకోవాల్సిన నిర్ణయం నేను ఇచ్చుకోవాల్సిన సంజాయిషీ అయిపోయింది. దాచడం అంటే అబద్ధం కాదు. ఒక ఆలోచన పక్వమయ్యేదాకా దాన్ని మనలో వుంచుకునే వ్యవధి అది. మగవాడికి ఆ వ్యవధి అడక్కుండానే దొరుకుతుంది. ఊరి బయట వంతెన మీద రాత్రి పదకొండు దాకా కూర్చుని ఆలోచించుకుని రావచ్చు, ఎక్కడికెళ్ళావని ఏ పట్టికా అడగదు.

ఈ కష్టం మన దేశానికే పరిమితం కాదు. తాళాలు పోతే వెతుక్కోవడానికని ఆపిల్ కంపెనీ 2021లో ఎయిర్‌ట్యాగ్ అనే చిన్న బిళ్ళ తెచ్చింది. ఆడవాళ్ళ సంచుల్లో, కార్లలో దాన్ని దాచి వెంటాడిన కేసులు అనేక దేశాల్లో బయటపడ్డాయి. మీ వెంట ఎవరిదో బిళ్ళ వస్తోందని ఏ ఫోనుకైనా హెచ్చరిక పంపే పద్ధతిని ఆపిల్, గూగుల్ కలిసి తేవడానికి 2024 మే దాకా పట్టింది. వెతికే యంత్రం ముందు వచ్చింది, వెంటాడబడే మనిషి చేతిలో ఏ ఫోనున్నా అందే హెచ్చరిక మూడేళ్ళ తర్వాత వచ్చింది. తయారుచేసేటప్పుడు ఆ గదిలో మనలాంటి వాళ్ళుండి వుంటే ఈ వరస తిరగబడి వుండేది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. ఫోను ఆపేసేముందు బిల్లు ఒక్కటే చూడకండి, వాడుతున్నదెవరో చూడండి. దొంగ చేసే మొదటి పని సిమ్ము తీసి పారేయడం. పోయిందన్న ఫోనులో పాత సిమ్మే, పాత మనిషి పేరు మీదే పనిచేస్తుంటే అది దొంగతనం కాదు, కాపురం తగాదా. ఆ తేడా కంప్యూటరుకి కూడా తెలుస్తుంది, చూడమని చెప్పాలంతే. అలాంటి ఫోను ఆపేముందు ఆ మనిషికి కబురు వెళ్ళాలి, ఇది నాదని చెప్పుకునే అవకాశముండాలి. జాడ తెలిసిన ఫోను వివరం ఏ కారణం చేతా ఫిర్యాదు ఇచ్చిన వ్యక్తి నోటికి అందకూడదు. భార్యాభర్తల మధ్య కేసు వుందేమో కనుక్కోకుండా పోలీసులు ఆ జాడ పట్టుకుని గుమ్మం ముందు నిలబడకూడదు. రక్షణ పేరుతో గానీ, దొంగల పేరుతో గానీ ఏ యాప్‌నీ మా ఫోనుల్లో బలవంతంగా వేయకూడదు. డేటా చట్టంలో ఇంటి అవసరం అన్న మినహాయింపు, ఇంట్లో మనిషి మీద నిఘాకి వర్తించదని స్పష్టంగా రాయాలి. జాడ తెలిసిన లక్షల ఫోన్లలో ఆడవాళ్ళవెన్ని, వాటిలో కుటుంబ సభ్యులు ఫిర్యాదు చేసినవెన్ని అన్న లెక్క ఏటా బయటపెట్టాలి.

మనలో మనం చేసుకోగలిగినవీ వున్నాయి. ఫోను ఎవరు కొనిచ్చినా బిల్లు మన పేర రాయించుకోవడం, మెయిలు మనమే తెరుచుకోవడం, కోడు మన నంబరుకే వచ్చేలా చూసుకోవడం, ఖాతాలోకి ఇంకే ఫోన్ల నుంచి, కంప్యూటర్ల నుంచి ఎవరు వస్తున్నారో అప్పుడప్పుడు చూసుకోవడం. కాలేజీల్లో ఆడపిల్లలకి రక్షణ యాప్ వేయించినంత శ్రద్ధగా ఇది నేర్పిద్దాం. అయితే ఈ జాగ్రత్తల జాబితా చూపించి, తాళం వేసుకోకపోవడం నీ తప్పే అనే రోజు కూడా వస్తుందని తెలుసు. తాళం వేసుకోవడం మన తెలివి. మన తలుపు తోసుకు రాకపోవడం వాళ్ళ బాధ్యత.

జాకెట్లు కుట్టే ఆమె ఇప్పుడు వాయిదాల మీద ఒక ఫోను కొనుక్కుంది. బిల్లు తన పేరే రాయించుకుంది. పాత ఫోనులోని ఫోటోలు ఇంకా అతని తాళం కిందే వున్నాయి. నేను ఆ ఏడాది చివర్లో నా నిర్ణయం నేనే తీసుకున్నాను, అదేమిటన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు. తమ్ముడికి మాత్రం ఒక మాట చెప్పాను. "ఒరేయ్, నా ఫోను పోతే వెతుకు. నేను కనపడకపోతే మాత్రం వెతకడానికి ముందు, నన్ను వెతకాలో వద్దో ఒక్క క్షణం ఆలోచించు." వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాస్‌వర్డు మార్చుకో అక్కా, ఎలాగో చెప్తాను" అన్నాడు. చెప్పాడు. మార్చుకున్నాను. ఈ కొత్తది వాడికి తెలీదు.